కొత్త పాటలు లేవనే వాళ్లకు: స్టూడియోలో రోజూ వినే అపోహలు, నేను చూసే వాస్తవాలు

హనుమకొండలో ఒక చిన్న రికార్డింగ్ స్టూడియోలో సౌండ్ ఇంజనీర్‌గా పని చేస్తున్నాను. జానపదాలు, ప్రేమ పాటలు, దేవుడి పాటలు అన్నీ మా దగ్గరికి వస్తాయి. బతుకమ్మకు నెల ముందు నుంచి మాకు రాత్రి, పగలు తేడా ఉండదు. రెండేళ్లకోసారి మేడారం జాతర ముందు కూడా అంతే. ఇన్ని పాటలు తయారవుతుంటే, "ఈ మధ్య వినదగ్గ కొత్త పాటలే వస్తలేవన్నా" అనే మాట మాత్రం రోజూ వింటుంటాను. వస్తున్నాయి. మనం వినే పద్ధతికి అవి చిక్కడం లేదు.

అపోహ: ఎక్కువ వ్యూస్ వచ్చిందే మంచి పాట.

వ్యూస్‌ని బట్టి ఆ వీడియో ఎంతమంది ముందుకు వెళ్లిందో తెలుస్తుంది, అంతే. ప్రకటనగా నడిపించి కూడా వాటిని పెంచుకోవచ్చు. నేను ముందు చూసేది వీడియో కింద రాసిన పేర్లు. పాట రాసిందెవరు, డప్పు కొట్టిందెవరు, ఫ్లూట్ ఎవరిది? వాయిద్యకారుల పేర్లు కూడా శ్రద్ధగా రాశారంటే ఆ పాట మీద మనసు పెట్టారని నాకు నమ్మకం కలుగుతుంది. ఒక పేరు పట్టుకుని ఆ మనిషి చేసిన మిగతా పాటలు వెతకండి. నాకు నచ్చిన కొత్త గొంతులు చాలావరకు అలాగే దొరికాయి.

అపోహ: పాట బాగుందో లేదో మొదటి ఇరవై సెకన్లలోనే తెలిసిపోతుంది.

ఈ నమ్మకం పాటల రూపాన్నే మార్చేస్తోంది. స్పాటిఫైలో ఒక పాటను కనీసం 30 సెకన్లు వింటేనే లెక్కలోకి వస్తుంది. పైగా 2024 నుంచి, గడిచిన 12 నెలల్లో కనీసం 1,000 సార్లు విన్న పాటకే అక్కడ రాయల్టీ లెక్క కడుతున్నారు. మన ఊళ్లలో మొదటి పాట చేసుకున్న పిల్లలకు ఆ వెయ్యి దాటడమే పెద్ద పని. మీరు ఇరవయ్యో సెకనులో దాటేస్తే ఆ పాట మీరు విననట్టే.

అందుకే మా దగ్గరికి వచ్చేవాళ్లు "అన్నా, పల్లవి ముందుకు తీసుకురా" అంటారు. గొంతు సవరించుకున్నట్టు మెల్లగా మొదలయ్యే రాగం, తోడుగా ఒక్క తంబుర, ఆ తర్వాత దూరం నుంచి దగ్గరికి వచ్చినట్టు డప్పు... ఇట్లాంటి ఎత్తుగడలు ఎన్నో నా చేత్తోనే కత్తిరించాను. ప్రతిసారీ బాధగానే ఉంటుంది. కొత్త పాటకు ఒక చరణం అయ్యేదాకా టైమ్ ఇవ్వండి.

అపోహ: ఆల్బమ్ అంటే ఒక పాట, దానికో వీడియో.

మన దగ్గర "ఆల్బమ్ సాంగ్" అనే మాట అట్లా స్థిరపడింది. అసలు ఆల్బమ్ అంటే ఒక వరుసలో పేర్చిన పాటల గుత్తి. ఎల్‌పీ రికార్డుకు ఒక్కో పక్క ఇరవై నిమిషాల పైచిలుకే చోటుండేది. 60 నిమిషాల క్యాసెట్‌కు ఒక్కో పక్క అరగంట. ఏ పాట తర్వాత ఏది రావాలో దానికి తగ్గట్టు కూర్చేవాళ్లు. ఆ వరుసకు ఇప్పటికీ విలువ ఉంది. 2021 నవంబరులో గాయని అడెల్ కోరితే, ఆల్బమ్ పేజీలో ముందుగా కనిపించే షఫుల్ (పాటల వరుసను కలగాపులగం చేసే) బటన్‌ను స్పాటిఫై తీసేసింది. కొత్త ఆల్బమ్ ఏ భాషలో వచ్చినా మొదటిసారి షఫుల్ లేకుండా, మొదటి పాట నుంచి చివరిదాకా వినండి. మూడో పాట మెల్లగా ఎందుకుందో నాలుగోది మొదలైతే అర్థమవుతుంది.

అపోహ: సౌండ్ ఎంత ఎక్కువుంటే మిక్సింగ్ అంత బాగున్నట్టు.

నేను మిక్స్ చేసిన ఒక పాటను ఒక ఛానెల్ వాళ్లు "ఇంకా గట్టిగా ఉండాలె" అని పెంచి ఎక్కించారు. యూట్యూబ్, స్పాటిఫై లాంటివి సౌండ్ మరీ ఎక్కువున్న పాటను వాటంతటవే తగ్గించి వినిపిస్తాయి. ఆ గీత సుమారు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి సౌండ్ ఎంత గట్టిగా వినిపిస్తుందో కొలిచే లెక్క) దగ్గర ఉంటుంది. చివరికి పెంచిందంతా తగ్గిపోయింది, డప్పు దెబ్బలోని ఊపు కూడా చచ్చిపోయింది.

డప్పు గురించి ఒక మాట చెప్పాలి. వానాకాలంలో రికార్డింగ్ ఉంటే కళాకారులు స్టూడియో బయట కాగితాలు, గడ్డి అంటించి డప్పు కాపుకుంటారు. చర్మం బిగుసుకుని ఖంగుమన్నాక లోపలికి వచ్చి రెండు టేకులు కొడతారు. మళ్లీ వదులవుతుంది, మళ్లీ బయటికి. కుడిచేతి సిర్రతో లోతైన మోత, ఎడమచేతి సిటికెన పుల్లతో సన్నని చురుకు దెబ్బ పలుకుతాయి. ఫోన్ స్పీకర్‌లో ఆ సన్న దెబ్బే వినిపిస్తుంది, మోత దాదాపు పోతుంది. మామూలు ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నా చాలు, అదే పాట వేరే పాటలా ఉంటుంది.

అపోహ: జానపదానికి యజమాని లేడు, ఎవరైనా వాడుకోవచ్చు.

ఎవరు కైకట్టారో తెలియకుండా తరాలుగా వచ్చిన పాట అందరిదీ. కానీ నిన్నమొన్న ఒక మనిషి ఆ బాణీలో రాసిన పాట ఆ మనిషిదే. మన చట్టం ప్రకారం రచయిత బతికున్నంతకాలం, ఆ తర్వాత 60 ఏళ్ల దాకా హక్కు ఉంటుంది. రికార్డింగ్‌కు విడిగా, అది విడుదలైనప్పటి నుంచి 60 ఏళ్లు. 2012 సవరణ తర్వాత, హక్కులు రాసిచ్చినా సరే, రాయల్టీలో రచయితకు, సంగీత దర్శకుడికి ఆ హక్కులు తీసుకున్నవాళ్లతో సమాన వాటా మిగిలే ఉంటుంది. సంతకం పెట్టేముందు ఈ సంగతి అడగమని పిల్లలకు నేను తప్పకుండా చెప్తాను.

ఇక పెద్ద పాటలు రాసేవాళ్లు ఎక్కడో పుడతారనే భ్రమ కూడా ఉంది. 2023లో ఆస్కార్ అందుకున్న చంద్రబోస్ గారిది చల్లగరిగ, మన పాత వరంగల్ జిల్లా ఊరే.

అపోహ: స్టూడియోకి వస్తే పల్లె పాట చచ్చిపోతుంది.

మేం తొందరపడితే చస్తుంది. ఒకసారి బతుకమ్మ పాట పాడటానికి ఒక అవ్వ వచ్చింది. హెడ్‌ఫోన్స్ పెట్టి, తాళం కోసం క్లిక్ వినిపించాం. రెండు లైన్లు పాడి ఆగిపోయింది. "బిడ్డా, చెవుల ఈ టిక్కు టిక్కు ఏంది? పాట యాదికొస్తలేదు" అంది. ఇంకో మూడుసార్లు ప్రయత్నించినా అంతే. అప్పుడు క్లిక్ తీసేశాం. వెంట వచ్చిన ముగ్గురు ఆడవాళ్లను లోపలికి పిలిచి, నడుమ ఒక కుర్చీ వేసి, దాని చుట్టూ చప్పట్లు కొడుతూ తిరగమన్నాం. అవ్వ కూడా వాళ్లతో కలిసి అడుగు వేసింది. పదకొండు చరణాలు ఒక్క టేకులో వచ్చాయి. ఆ తర్వాత కీబోర్డు, ఫ్లూట్ అన్నీ ఆమె నడకకు సరిపడేలా కూర్చడానికి నాకు రెండు రాత్రులు పట్టింది. ఆ పాటలో ఐదో చరణం దగ్గర గాజుల చప్పుడు వినిపిస్తుంది. దాన్ని అలాగే ఉంచాను.