కలోనియల్ ఆఫీసర్లు, ఆఫ్రికా భాషలు: కెప్టెన్ రాట్రే చుట్టూ అల్లుకున్న అపోహలు

ఆఫ్రికా భాషల పాఠం మొదలుపెట్టగానే క్లాసులో ఎవరో ఒకరు అడుగుతారు, "వాళ్లకీ ఒక బ్రౌన్ దొర ఉన్నాడా సార్?" అని. ఉన్నారు, బోలెడంత మంది. పన్నులూ తగాదాలూ చూసుకుంటూనే వ్యాకరణాలు, సామెతలు, కథలు పోగేసిన ఆఫీసర్లు. వాళ్లలో నేను ఎక్కువగా చదివింది కెప్టెన్ ఆర్. ఎస్. రాట్రేని. తల్లిదండ్రులు స్కాట్లాండ్ వాళ్లు, పుట్టింది మాత్రం ఇండియాలోనే, 1881లో. దక్షిణాఫ్రికాలో జరిగిన బోయర్ యుద్ధంలో పోరాడాడు. ఇప్పటి మలావీలో ఒక వర్తక కంపెనీలో కొన్నేళ్లు పనిచేశాడు. ఆ తర్వాత గోల్డ్ కోస్ట్‌లో, అంటే ఇప్పటి ఘనాలో, కస్టమ్స్ ఉద్యోగంలో చేరి, జిల్లా పరిపాలనలోకి వచ్చి, 1921లో అక్కడి అసాంటే జాతి వాళ్ల ప్రాంతపు మానవశాస్త్ర శాఖకి అధిపతి అయ్యాడు. చిన్యాంజా, హౌసా, ట్వీ (అసాంటేల భాష), మోలే భాషల మీద పుస్తకాలు వేశాడు.

ఈయన గురించీ, ఇలాంటి వాళ్ల గురించీ నేను తరచూ వినే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: భాష మీద ప్రేమ కొద్దీ నేర్చుకున్నారు. (దీన్నే తిరగేసి: అంతా గూఢచర్యమే.)

రెండూ సగం సగమే. ఉత్తర నైజీరియాలో హౌసా పరీక్ష ఆఫీసర్ల ఉద్యోగంలో భాగం. మద్రాసులో ఫోర్ట్ సెయింట్ జార్జ్ కాలేజీలో కుర్ర సివిల్ ఉద్యోగులు తెలుగు పరీక్ష కోసం కుస్తీ పట్టినట్టే. గోల్డ్ కోస్ట్ గవర్నర్ గగిస్‌బర్గ్ మానవశాస్త్ర శాఖ పెట్టింది కూడా సరదాకి కాదు. స్థానిక నాయకుల ద్వారా పాలించాలంటే ఆ నాయకుల చట్టం ఏమిటో, ఎవరి మాట ఎక్కడిదాకా చెల్లుతుందో సర్కారుకి తెలియాలి. రాట్రే జీతం అందుకే.

కానీ ఆ జీతానికి అంత పని అక్కర్లేదు. ఢంకాల భాష నేర్చుకోమని ఆయన్ని ఏ సర్కారూ అడగలేదు. అలాగని ఆయన్ని సాధువుని చేయనక్కర్లేదు. 1916లో వేసిన అసాంటే సామెతల పుస్తకానికి ఆయన పెట్టిన ఉపశీర్షికకి అర్థం 'ఒక ఆటవిక జాతి ఆదిమ నీతి'. అదే మనిషి 1923 నాటి పుస్తకంలో అసాంటే ముసలమ్మల దగ్గర శిష్యుడిలా కూర్చుని కనిపిస్తాడు. ఈ రెండు పుస్తకాల్లో ఒకటే చదివినవాళ్లతో వాదించడం నాకు అలవాటైపోయింది.

అపోహ: ఇంత పనీ ఒక్కడే చేశాడు.

1913 నాటి హౌసా జానపద కథల పుస్తకం తెరవండి. అసలు పాఠం రాసింది మాలమ్ షైహువా అనే హౌసా పండితుడు, అజమీ లిపిలో, అంటే అరబిక్ అక్షరాలతో హౌసా రాసే పద్ధతిలో. రాట్రే దాన్ని రోమన్ లిపిలోకి ఎక్కించి, అనువదించి, నోట్స్ రాశాడు. అట్ట మీద పేరు మాత్రం రాట్రేది. (ఆఫ్రికా భాషలకి రాత తెల్లవాళ్లే నేర్పారనే ఇంకో అపోహ కూడా ఇక్కడే పోతుంది. అజమీ రాత బ్రిటిష్ వాళ్లు రాకముందు నుంచీ ఉంది.)

సామెతల పుస్తకానికీ ముందో మనిషి ఉన్నాడు. బాసెల్ మిషన్‌కి చెందిన జర్మన్ పాదిరి క్రిస్టాలర్ 1879లోనే దాదాపు 3,600 ట్వీ సామెతలు అచ్చువేశాడు. రాట్రే అందులోంచి ఏరి, ఇంగ్లీషు చేసి, వివరణలు జోడించాడు. అది దొంగతనం కాదు, ఆ సంగతి ఆయన దాచలేదు. మనకే సగం కథ చాలనిపిస్తుంది. బ్రౌన్ నిఘంటువు వెనక ఉన్న పండితుల పేర్లు మనలో ఎంతమందికి తెలుసు?

నాకు బాగా నచ్చిన ఘట్టం ఆ 1923 పుస్తకంలోదే. అసాంటేలో ప్రతి పీఠానికీ రాజుతోపాటు రాజమాత ఉంటుంది, రాజు ఎంపికలో ఆమె మాట బరువైనది. అన్నేళ్లు ఆ దేశంలో ఉండి, భాష వచ్చి కూడా రాట్రేకి ఆ సంగతి ఆలస్యంగా తెలిసింది. ఇది నాకు ఎవరూ ఎందుకు చెప్పలేదని పెద్దవాళ్లని అడిగాడు. తెల్లవాళ్లు మమ్మల్ని ఎప్పుడూ అడగలేదు, మీరు మగవాళ్లతోనే వ్యవహారం నడుపుతారు, ఆడవాళ్లంటే మీకు లెక్క లేదనుకున్నాం అని జవాబొచ్చింది. ఆ జవాబుని ఆయన అచ్చులో పెట్టాడు. ఫీల్డ్‌వర్క్‌కి వెళ్లే పిల్లలకి నేను ముందుగా చదివించేది ఆ పేజీ.

అపోహ: ఆఫ్రికా ఢంకాలు మోర్స్ కోడ్ లాంటివి.

ఇది ఎంత గట్టి అపోహంటే, చదువుకున్నవాళ్లు కూడా నాతో వాదిస్తారు. మన డప్పునే తీసుకోండి. పెళ్లికి ఒక దరువు, చావుకి ఒక దరువు. దరువు వినగానే సందర్భం తెలుస్తుంది, కానీ డప్పు వాక్యాలు పలకదు. అసాంటే అటుంపాన్ ఢంకాలు వాక్యాలే పలుకుతాయి. అవి జంటగా ఉంటాయి. 'ఆడ' ఢంకాది హెచ్చు స్వరం, 'మగ' ఢంకాది తగ్గు స్వరం.

ట్వీలో స్వరం మారితే మాటే మారిపోతుంది. 'పపా' అనే రెండక్షరాలనీ పైస్వరంలో అంటే మంచి, కింద మొదలెట్టి పైకి లేపితే నాన్న, రెండూ కింద పెడితే విసనకర్ర. తెలుగులో 'వచ్చాడు' అన్న మాటని ఎంత సాగదీసి పలికినా ప్రశ్నో ఆశ్చర్యమో అవుతుంది గానీ వేరే మాట అవదు. అందుకే ట్వీ రికార్డింగ్ వినిపిస్తే మన పిల్లలు మొదట, ఆయనకి కోపమొచ్చిందా సార్ అంటారు.

ఢంకా వాయించేవాడు అక్షరాలు వదిలేసి ఆ స్వరాలనే వాయిస్తాడు. మరి ఒకే స్వరాల వరసలో చాలా మాటలు ఇమిడిపోతాయి కదా? అందుకని ఒంటి మాట వాయించడు. బిరుదులతో, పూర్వీకుల పేర్లతో నిండిన పొడవాటి పదబంధాలు వాయిస్తాడు, వినేవాళ్లకి అవి ముందే కంఠతా వచ్చు. అసాంటేలోని మాంపోన్ రాజుల వంశచరిత్ర మొత్తం ఢంకా మీద పలుకుతుంటే రాట్రే దాన్ని రాసుకుని అచ్చువేశాడు. ఇది కోడ్ కాదు, మాట్లాడే భాషనే స్వరాల్లో అనుకరించడమని 1923లోనే స్పష్టంగా చెప్పాడు. వందేళ్లు దాటినా సినిమాల్లో అడవి ఢంకాలు ఇంకా టెలిగ్రామ్‌లు పంపుతూనే ఉన్నాయి!

అపోహ: బంగారు పీఠాన్ని కాపాడింది రాట్రే.

1896లో బ్రిటిష్ వాళ్లు అసాంటే రాజు ప్రెంపేని పట్టుకుపోయారు. 1900 మార్చిలో గవర్నర్ హాడ్జ్‌సన్ అసాంటే రాజధాని కుమాసీ వచ్చి, బంగారు పీఠం తెచ్చివ్వండి, దాని మీద కూర్చోవాల్సింది నేను అన్నాడు. ఆ పీఠం మీద అసాంటే రాజే కూర్చోడు. జాతి ప్రాణం అందులో ఉందని వాళ్ల నమ్మకం. ఎజిసు రాజమాత యా అసాంతెవా నాయకత్వంలో యుద్ధం లేచింది. అసాంటేలు ఓడారు. ఆమెని సీషెల్స్ దీవులకి పంపేశారు, 1921లో అక్కడే చనిపోయింది. పీఠం మాత్రం బ్రిటిష్ వాళ్ల చేతికి చిక్కలేదు.

1920లో రోడ్డు పని కూలీల తవ్వకం పీఠం దాచిన చోటుని తాకింది. కొందరు దాని బంగారు నగలు ఒలిచేసి అమ్ముకున్నారు. మరుసటి ఏడాది విషయం బయటపడి జనం భగ్గుమన్నారు. అసాంటే నాయకులే విచారణ జరిపి మరణశిక్ష వేశారు, సర్కారు దాన్ని దేశ బహిష్కారంగా మార్చింది. మళ్లీ యుద్ధమొస్తుందేమోనన్న టెన్షన్‌లో ఉన్న ప్రభుత్వానికి, ఆ పీఠమంటే ఏమిటో, దాని జోలికి ఎందుకు పోకూడదో రాట్రే నివేదిక రాసిచ్చాడు. పీఠం మాకు అక్కర్లేదని సర్కారు ప్రకటించింది.

అది చిన్న పనేం కాదు. కానీ ఇరవై ఏళ్లు పీఠాన్ని దాచింది అసాంటేలు, దాని కోసం చచ్చిందీ వాళ్లే. రాట్రే చేసింది తన పై ఆఫీసర్లకి బుద్ధి చెప్పడం.

అపోహ: రాట్రే రాశాడంటే ఇక తిరుగులేదు.

ఘనాలో సంప్రదాయం గురించి మాట్లాడేటప్పుడు ఆయన పుస్తకాలు ఇప్పటికీ ఉదహరిస్తారు. భాష, ఆచారాల వరకు నేనూ నమ్ముతాను. రాజ్యవ్యవస్థ దగ్గరికి వచ్చేసరికి జాగ్రత్త. ఆయన అసాంటేని మధ్యయుగపు ఇంగ్లండ్ భూస్వామ్యంతో పోల్చి చూశాడు. 19వ శతాబ్దపు కుమాసీలో రాజోద్యోగుల యంత్రాంగం ఎంత బలంగా ఉండేదో 1975లో చరిత్రకారుడు ఐవర్ విల్క్స్ చూపించాక ఆ బొమ్మ చాలావరకు చెదిరిపోయింది.

చదవాలనుకునేవాళ్లకి నా సలహా: ఢంకాల విషయంలో ముందు ఘనా సంగీతశాస్త్రవేత్త క్వబెనా న్కేటియా 1963లో రాసిన పుస్తకం పట్టుకోండి. ఆయన మాతృభాషే ట్వీ. రాట్రే ఢంకాల అధ్యాయం ఆ తర్వాత చదివితే, ఏది బాగా విన్నాడో, ఏది చెవిన పడలేదో మీకే తేలిపోతుంది.