బొమ్మ కన్నా ముందు కథ

ప్రియమైన పిల్లలకు,

మొన్న ఫోన్‌లో అడిగారు కదా, "తాతా, బొమ్మలు నేర్చుకోవాలంటే ముందు ఏం గీయాలి?" అని. ముందు ఒక కథ వినండి. ఎందుకో చెప్తాను.

సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీలనే చిత్రకారుల కుటుంబాలు తరతరాలుగా గుడ్డమీద కథల పటాలు వేస్తున్నాయి. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూస్తారు. బొమ్మల వెనకంతా ఎర్రరంగు. చాపలా చుట్టి ఉన్న పటం విప్పితే పది గజాలు దాటేవీ ఉన్నాయి. దాన్ని వేలాడదీసి, ఒక్కో బొమ్మనూ కర్రతో చూపిస్తూ కథ చెప్పేవాళ్లు వేరు. గొల్లలకు కాటమరాజు కథ మందెచ్చులవాళ్లు చెప్తారు, పద్మశాలీలకు మార్కండేయ పురాణం కూనపులివాళ్లు చెప్తారు.

ఆ పురాణంలోనే, పద్మశాలీలు తమ మూలపురుషుడిగా కొలిచే భావనా ఋషి తామర తూళ్ల నారతో బట్ట నేసిన కథ వస్తుంది. పటం ముందు కూర్చునేది నేతగాళ్లు. వాళ్లకు కథా తెలుసు, మగ్గమూ తెలుసు. బొమ్మ తప్పితే ఇట్టే పట్టేస్తారు. నకాషీ ఇంటి పిల్లలు కుంచె పట్టింది అలాంటి జనం కోసం.

నేను బడిలో చాలా ఏళ్లు బల్లమీద కుండ పెట్టి గీయించాను. కంటికి ఆ సాధన కావాల్సిందే, కాదనను. కానీ ఒక రోజు కుండ పక్కన పెట్టి మార్కండేయుడి కథ చెప్పాను. పదహారేళ్లు నిండాయి, యముడు దున్నపోతు మీద వచ్చాడు, పిల్లవాడు శివలింగాన్ని కావలించుకున్నాడు, పాశం లింగానికీ చుట్టుకుంది. ఇక గీయమన్నాను. దున్నపోతు ఎంత పెద్దది? పాశం ఎటునుంచి రావాలి? క్లాసంతా ఒకటే చర్చ. కూర్పు అంటే ఏమిటో, బొమ్మలో ఏది ఎక్కడ ఎంత ఉండాలో, ఆ రోజే వాళ్లకు అర్థమైంది.

ఒక పిల్లాడు ఎప్పుడూ చేతులు మొద్దులా గీసేవాడు, వేళ్లంటే వాడికి టెన్షన్. ఆ రోజు లింగం చుట్టూ రెండు చేతులు వేసి, వేళ్లలో వేళ్లు బిగించి గీశాడు. ఇదెలా వచ్చిందిరా అంటే, "వదిలితే తీసుకెళ్లిపోతాడు కదా సార్" అన్నాడు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ కళ్లు చెమరుస్తాయి.

దసరా సెలవులకు వచ్చేటప్పుడు ఒక బొమ్మ వేసుకు రండి. దేవుళ్ల కథే కానక్కర్లేదు. నానమ్మ చెప్తుంటుందే, బావిలో మేకపిల్ల పడ్డ కథ, అదైనా సరే. తాడు ఎవరి చేతిలో ఉందో, ఎంత గట్టిగా పట్టుకున్నారో నాకు కనిపించాలి.

మీ
తాత