అయస్కాంత క్షేత్రంలో నానో ద్రవం: రెండు పాయల చరిత్ర

అయస్కాంత క్షేత్రంలో నానో ద్రవం, అంటే అతి సూక్ష్మ రేణువులు కలిపిన ద్రవం, పారేటప్పుడు ఉష్ణమూ ద్రవ్యరాశీ ఎలా బదిలీ అవుతాయనే అంశంపై మన విశ్వవిద్యాలయాల గణితశాస్త్ర విభాగాల్లో ఏళ్లుగా పరిశోధన సాగుతోంది. దీని వెనుక వేర్వేరు చోట్ల పుట్టిన రెండు పాయలున్నాయి.

మొదటిది ప్రవాహానిది. పారే థేమ్స్ నది భూ అయస్కాంత క్షేత్రంలో విద్యుత్తును పుట్టిస్తుందేమోనని 1832లో ఫారడే లండన్‌లోని వాటర్లూ వంతెన దగ్గర నీటిలోకి రాగి పలకలు దించి చూశాడు కానీ, నమ్మదగిన ఫలితం రాలేదు. 1937లో డెన్మార్క్ శాస్త్రవేత్త హార్ట్‌మన్ పాదరసాన్ని ఎంచుకుని, ప్రవాహంలో పుట్టిన విద్యుత్తే ఆ ప్రవాహాన్ని నెమ్మదింపజేస్తుందని చూపాడు.

రెండోది ఉష్ణానిది. ద్రవంలో లోహపు పొడి కలిపితే ఉష్ణవాహకత పెరుగుతుందని ముందే తెలుసు; అయితే ముతక రేణువులు అడుగున పేరుకుని సన్నని గొట్టాలను పూడ్చేసేవి. 1995లో అమెరికాలోని ఆర్గాన్ ప్రయోగశాలకు చెందిన చోయ్ నానోమీటర్ల స్థాయి రేణువులను ప్రతిపాదించి, ఆ మిశ్రమానికి నానో ద్రవమని పేరు పెట్టాడు. ఇథిలీన్ గ్లైకాల్‌లో 0.3 శాతం రాగితోనే వాహకత 40 శాతం పెరిగిందని 2001లో ప్రకటించినప్పుడు ఆశలు మిన్నంటాయి. 2009లో ముప్పైకి పైగా సంస్థలు ఒకే రకం నమూనాలను కొలిచి చూస్తే అసాధారణమైన పెరుగుదలేదీ కనబడలేదు. ఈలోగా 2006లో శాస్త్రవేత్త బువంజోర్నో, రేణువులు బ్రౌనియన్ చలనం (ద్రవపు అణువులు ఢీకొనడం వల్ల కలిగే క్రమంలేని కదలిక) వల్లా, వేడి చోటు నుంచి చల్లని చోటుకు జరిగే థర్మోఫోరెసిస్ వల్లా ద్రవంతో సమంగా కాక విడిగా కూడా కదులుతాయని వివరించాడు; ద్రవ్యరాశి బదిలీ సమీకరణం ఈ లెక్కల్లోకి బలంగా వచ్చింది అప్పటి నుంచే.

ఈ రెండు పాయలూ కాగితం మీద తేలిగ్గా కలిశాయి. కానీ 1 టెస్లా క్షేత్రంలో, 1 సెంటీమీటరు వెడల్పున్న కాలువలో పాదరసానికి హార్ట్‌మన్ సంఖ్య (ద్రవపు స్నిగ్ధతతో పోలిస్తే అయస్కాంత నిరోధం ఎంత బలమైందో చెప్పే కొలమానం) దాదాపు 260 ఉంటే, మామూలు కుళాయి నీటికి అది 0.07 దగ్గర ఆగిపోతుంది. పైగా నిరోధక బలం ఈ సంఖ్య వర్గాన్ని బట్టి ఉంటుంది. నీటి ఆధారిత నానో ద్రవాలకు అయస్కాంత పరామితిని (సమీకరణాల్లో క్షేత్ర ప్రభావాన్ని సూచించే సంఖ్యను) 1, 2, 5 అని తీసుకునే పత్రాలు ఈ తేడాను పట్టించుకోవాలని నా గట్టి అభిప్రాయం.

మాగ్నటైట్ (అయస్కాంత గుణమున్న ఇనుప ఆక్సైడ్) రేణువుల విషయం వేరు. అక్కడ పనిచేసేది ద్రవపు విద్యుత్ వాహకత కాదు, రేణువుల అయస్కాంతత్వమే. కల్పాక్కంలోని ఇందిరాగాంధీ అణు పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు 2007లో ప్రచురించిన ప్రయోగంలో, ఉష్ణం ప్రసరించే దిశలోనే క్షేత్రాన్ని నిలిపినప్పుడు రేణువులు గొలుసుల్లా వరుసకట్టి, ఆ దారి వెంట వేడిని ఎన్నో రెట్లు మెరుగ్గా మోసుకుపోయాయి.