మెమరీ లీక్‌లను లాగ్‌లో వెతికే స్క్రిప్టులు: అపోహలు - వాస్తవాలు

టెస్టులను వాల్‌గ్రైండ్ (ప్రోగ్రామ్ తీసుకుని తిరిగివ్వని మెమరీని, అంటే లీక్‌లను, పట్టే టూల్) కింద నడిపి, అది రాసే లాగ్‌లను షెల్ స్క్రిప్టుతో జల్లెడ పట్టడం చాలా టీముల్లో ఉన్న పద్ధతే. ఈ స్క్రిప్టులు ఏటికేడు పెరుగుతాయే గానీ తగ్గవు. అందుకు కారణం కొన్ని తప్పుడు నమ్మకాలు.

అపోహ: లాగ్‌లో "డెఫినిట్లీ లాస్ట్" (ఖచ్చితంగా పోయిన మెమరీ) అని కనబడితే లీక్ ఉన్నట్టే.

వాస్తవం: లీక్ లేకపోయినా "డెఫినిట్లీ లాస్ట్: 0 బైట్స్" అనే లైను రావచ్చు. పోనీ అంకె తీసి సున్నాతో పోలుద్దామంటే, అది 1,024 అని కామాతో వస్తుంది. షెల్ దాన్ని అంకెగా ఒప్పుకోదు. ఇక కామా తీయడానికి సెడ్ కమాండ్, ముక్క కోయడానికి ఆక్ కమాండ్! అసలు ఆ అంకెతో మనకు పనేముంది? వాల్‌గ్రైండ్ ఆప్షన్లలో లీక్-చెక్‌ను ఫుల్‌లో పెట్టి, ఎర్రర్-ఎగ్జిట్‌కోడ్‌కు 99 ఇవ్వండి (ఎగ్జిట్ కోడ్ అంటే ప్రోగ్రామ్ ముగిసేటప్పుడు తిరిగిచ్చే అంకె). లీక్ ఉంటే వాల్‌గ్రైండే 99 తిరిగిస్తుంది. 1 ఇవ్వకండి, టెస్టు ఫెయిలైనా మామూలుగా వచ్చేది అదే.

అపోహ: గ్రెప్‌కు (లాగ్‌లో మాటలు వెతికే కమాండ్) లీక్ దొరక్కపోతే టెస్టు పాస్.

వాస్తవం: అన్నిటికన్నా ప్రమాదకరమైన నమ్మకం ఇదే. ప్రాసెస్‌ను ఎవరైనా కిల్ మైనస్ 9తో (బలవంతంగా ఆపేసే కమాండ్) చంపితే లాగ్ చివర వచ్చే సమ్మరీయే ఉండదు. లీకూ కనబడదు, స్క్రిప్టు మాత్రం పచ్చజెండా ఊపేస్తుంది. వెతకాల్సింది లీక్‌ను కాదు, లీక్ లేదన్న రుజువును. గ్రెప్‌లో పెద్ద ఎల్ ఆప్షన్ ఇచ్చి "ఎర్రర్ సమ్మరీ: 0 ఎర్రర్స్" అని వెతికితే, ఆ లైను లేని ఫైళ్ల పేర్లు వస్తాయి. ఒక్క పేరు వచ్చినా ఫెయిల్. ఆ మాటలన్నీ రాయండి, ఉత్త "0 ఎర్రర్స్" అంటే "10 ఎర్రర్స్" కూడా అందులో దూరిపోతుంది. ఈ ఆప్షన్ ఇచ్చే ఎగ్జిట్ కోడ్‌ను గ్నూ గ్రెప్ 3.2లో మార్చి, 3.5లో మళ్లీ పాతదే చేశారు. కాబట్టి కోడ్‌ను నమ్మకుండా, అవుట్‌పుట్ ఖాళీయా కాదా అన్నదే చూడండి. అంతకు ముందే, కనీసం ఒక లాగ్ ఫైలైనా ఉందో లేదో చూసుకోవాలి.

అపోహ: ఎగ్జిట్ కోడ్ ఉంటే లాగ్ అక్కర్లేదు.

వాస్తవం: మీ టెస్టు ఒక చిన్న షెల్ స్క్రిప్టు అయితే, వాల్‌గ్రైండ్ పరీక్షించేది ఆ స్క్రిప్టును నడిపే బ్యాష్‌ను, మీ ప్రోగ్రామ్‌ను కాదు. ట్రేస్-చిల్డ్రన్ (స్క్రిప్టు మొదలుపెట్టే ప్రాసెస్‌లనూ పరీక్షించే ఆప్షన్) ఆన్ చేసి, ప్రతి ప్రాసెస్‌కూ విడి లాగ్ పెట్టండి. లాగ్‌ను టీ కమాండ్‌కు (అవుట్‌పుట్‌ను తెరమీదా ఫైల్లోనూ రాసేది) పైప్ చేస్తుంటే షెల్‌లో పైప్‌ఫెయిల్ ఆప్షన్ (పైప్‌లో ఏ కమాండ్ ఫెయిలైనా ఆ కోడే ఇచ్చేది) పెట్టడం మరవొద్దు, లేదంటే మీకు అందేది టీ ఇచ్చిన కోడే.

అపోహ: "స్టిల్ రీచబుల్" (తిరిగివ్వకపోయినా ప్రోగ్రామ్‌కు ఇంకా అందుబాటులో ఉన్న మెమరీ) కూడా సున్నా కావాల్సిందే.

వాస్తవం: అక్కర్లేదు. వాల్‌గ్రైండ్ మామూలుగా దాన్ని ఎర్రర్‌గా లెక్కించదు. పని ఎక్కువయ్యే కొద్దీ అది కూడా పెరుగుతుంటే మాత్రం పట్టించుకోండి.