కట్ట మీద లైట్లు, నాలాలో మురుగు

మా దగ్గర చెరువుకి రెండేళ్ల కింద కొత్త కళ వచ్చింది. కట్ట మీద టైల్స్ పరిచారు, రంగుల లైట్లు పెట్టారు, సెల్ఫీ దిగడానికి ఒక పెద్ద బోర్డు కూడా. నేనూ పొద్దున్నే వాకింగ్‌కి అక్కడికే పోతాను. జూన్‌లో మొదటి గట్టి వాన పడ్డ మర్నాడు తెల్లారి చూస్తే మత్తడి (చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే చోటు) పక్కన చేపలు తెల్లగా తేలి ఉన్నాయి. ఎవరో మందు కలిపారని వాకింగ్ బ్యాచ్ అక్కడికక్కడే తేల్చేసింది.

మందు కలపాల్సిన పని లేదండీ. ఎండాకాలమంతా రోడ్ల మీద పేరుకున్న టైర్ల పొడి, ఇంజన్ ఆయిల్, కుక్కల పెంట, టిఫిన్ బండ్ల ఎంగిలి, నాలా అడుగున గడ్డకట్టిన మురుగు, ఇదంతా మొదటి వానకి ఒక్క ఊపులో కొట్టుకొచ్చి చెరువులో పడుతుంది. ఆ కుళ్లును తినడానికి బాక్టీరియా ఎగబడి, నీళ్లలో కరిగి ఉన్న ఆక్సిజన్‌ను లాగేసుకుంటుంది. పగలైతే నాచు కాస్త ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి ఇవ్వకపోగా అదీ పీల్చుకుంటుంది. అందుకే చేపలు ఎక్కువగా తెల్లవారుజామునే చచ్చి తేలతాయి.

అంటే చెరువులో జరిగింది చెరువు దగ్గర మొదలవలేదు. ఎక్కడ పడ్డ వాన చినుకు చివరికి ఈ చెరువులోకి చేరుతుందో ఆ నేలంతా దాని పరీవాహక ప్రాంతం. హుస్సేన్ సాగర్‌నే తీసుకోండి, దాని పరీవాహక ప్రాంతం దాదాపు 240 చదరపు కిలోమీటర్లు, చెరువు అందులో నలభయ్యో వంతు కూడా ఉండదు. మనం డబ్బంతా ఆ చిన్న ముక్క చుట్టూ రెయిలింగులకి పెట్టి, పైనున్న మిగతా నేలను ఇష్టమొచ్చినట్టు వదిలేస్తున్నాం. కూకట్‌పల్లి నాలా ఏం మోసుకొస్తే సాగర్ అదే తాగుతుంది కదా.

చిన్న లెక్క వేద్దాం. రెండొందల గజాల ఇల్లు, ఒక్క సెంటీమీటర్ వాన. పడ్డ నీళ్లు సుమారు 1,670 లీటర్లు. అది చెట్లూ గడ్డీ ఉన్న మట్టి నేలైతే చాలావరకు ఇంకిపోతుంది, మూడు నాలుగొందల లీటర్లు బయటికి పారితే ఎక్కువ, అదీ మెల్లగా. స్లాబు, పార్కింగ్ టైల్స్, ఇంటి ముందు సీసీ రోడ్డు అయితే 1,500 లీటర్లు నిమిషాల్లో నాలాలో ఉంటాయి. అసలు గొడవ ఆ ‘నిమిషాల్లో’ అన్నదే. వేల ఇళ్ల నీళ్లు ఒకేసారి ఇరుకు నాలా దగ్గర కలుసుకుంటాయి, అది ఎక్కడో ఒకచోట పొంగుతుంది, మనం వానను తిడతాం.

పాతకాలం వాళ్లు ఈ వేగానికే బ్రేకులు వేశారు. పై చెరువు నిండి మత్తడి దూకితే కింది చెరువుకి, అక్కడి నుంచి ఇంకో కుంటకి, చివరికి మూసీకి. అదే గొలుసుకట్టు. 1908 సెప్టెంబర్ మూసీ వరద తర్వాత హైదరాబాద్ వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య లెక్క ప్రకారం మూసీ పరీవాహకంలో 788 చెరువులు ఉండేవి, ఆ వరదలో 221 తెగిపోయాయి. పెద్దలకు అన్నీ తెలుసు అని మురిసిపోయే ముందు ఈ రెండో అంకె కూడా గుర్తుపెట్టుకోవాలి. గొలుసులో పై కట్ట తెగితే ఆ నీళ్లన్నీ వరదకి తోడై కింది కట్ట మీద పడతాయి. 2020 అక్టోబర్‌లో గగన్‌పహాడ్ దగ్గర అప్పా చెరువు తెగి హైవే మీద మనుషులు, బండ్లు కొట్టుకుపోయింది అందరికీ గుర్తే. చెరువు ఉంటే సరిపోదు, మత్తడి, తూము, కింది కాలువ కూడా పనిచేయాలి.

చట్టం లేదా అంటే ఉంది. తెలంగాణలో పది హెక్టార్లు దాటిన చెరువుకి ఎఫ్‌టీఎల్ (చెరువు నిండుగా ఉన్నప్పుడు నీళ్లు చేరే హద్దు) నుంచి 30 మీటర్ల బఫర్, అంటే ఏమీ కట్టని ఖాళీ జాగా, వదలాలి. అదే పది మీటర్ల లోపు వెడల్పున్న నాలాకి రెండు మీటర్లు చాలట! చెరువుకి నీళ్లు తెచ్చేదే ఆ నాలా. ఒంటికి అంత కాపలా పెట్టి గొంతును వదిలేసినట్టుంది నాకైతే.

గుర్రపు డెక్క సంగతి ఇంకో చిత్రం. ఏటా మిషన్లు పెట్టి తీస్తారు, నాలుగు నెలల్లో మళ్లీ పరుచుకుంటుంది. మురుగులో ఉండే నత్రజని, భాస్వరం దానికి ఎరువు. మామూలు మురుగుశుద్ధి కేంద్రం కుళ్లును బాగానే తగ్గిస్తుంది కానీ ఈ ఎరువులో చాలా భాగాన్ని వదిలేస్తుంది. పోనీ మురుగునంతా పైపులో పక్కకి మళ్లిద్దామా అంటే, వాన కాలువలు మూసేశాక చాలా చెరువులకి వేసవిలో దిక్కు ఆ మురుగే, అదీ లేకపోతే ఎండిపోతాయి, ఎండితే ప్లాట్లవుతాయి. శుద్ధి చేసిన నీటిని జమ్ము, తుంగ పెరిగే మడుగుల గుండా పంపి చెరువులో వదలడం మేలు. ఆ జమ్మును మాత్రం ఎప్పటికప్పుడు కోసి బయట వేయాలి, కుళ్లనిస్తే తాగిన ఎరువంతా మళ్లీ నీళ్లలోకే.

నాలాని కాంక్రీట్ పెట్టెలా కట్టడమే అభివృద్ధి అనుకుంటాం. సింగపూర్ వాళ్లు బిషాన్ పార్కులో సరిగ్గా దీనికి ఉల్టా చేశారు, తిన్నగా ఉన్న 2.7 కిలోమీటర్ల కాంక్రీట్ కాలువను పగలగొట్టి, మెలికలు తిరిగే వాగులా మార్చి 2012లో తెరిచారు. వాళ్లకి డబ్బుంది అంటారు, నిజమే. వాన నీళ్లను ఇంటి దగ్గరే నేలలోకి దించే ఇంకుడు గుంతకి అంత డబ్బు అక్కర్లేదుగా.

మా అపార్ట్‌మెంట్ ప్లాన్‌లో రెండు ఇంకుడు గుంతలున్నాయి. మొన్న ఎండాకాలం వెతికితే ఒకటి బైకుల స్టాండ్ కింద దొరికింది, నిండా విరిగిన టైల్స్, సిమెంటు బస్తాలు. డాబా పైపును దానికి కాకుండా డ్రైనేజీకి కలిపేశారు. రెండ్రోజులు కూలీ పెట్టి తీయించి, కంకర, దొడ్డు ఇసుక పోసి, పైపు ఇటు తిప్పించాం. మొదటి వానకి గుంత నిండి పొర్లింది, సెక్రటరీ గారు డబ్బు దండగ అన్నారు. మర్నాడు పొద్దున వాచ్‌మన్ మూత తీసి చూస్తే అడుగు కనబడింది. రెండో గుంత ఇంకా దొరకలేదు, జనరేటర్ కింద ఉందని అనుమానం.