కొస లేని దారం

చి. చిన్నీకి, చి. బంటీకి,

తాతయ్య ఆశీస్సులు. మేమిక్కడ కులాసా. అమ్మమ్మ మోకాలు ఒకరోజు నొప్పి, ఒకరోజు బాగు. మీరు దసరా సెలవలకి వచ్చి వెళ్లాక ఇల్లు బోసిపోయింది. వరండాలో నా పాత కుట్టుమిషను మాత్రం మీరు చూసినప్పటికన్నా కాస్త తెల్లబడింది, అదే, నల్లబడింది. తుప్పు వదిలి లోపలి నలుపు బయటపడింది.

చిన్నీ, వెళ్లేముందు నువ్వొక ప్రశ్న అడిగావు. "తాతయ్యా, పై దారం కండెకి చుట్టుకుని ఉంది. కింద దారం బాబిన్‌కి చుట్టుకుని ఉంది. రెండిట్లో దేనికీ కొస ఖాళీగా లేదు. మరి ఒకదాంట్లోంచి ఇంకోటి ఎలా దూరుతుంది?" నాకు చప్పున జవాబు తోచక నీ చేతిలో కజ్జికాయ పెట్టి పంపేశాను. అమ్మమ్మ చూసి నవ్వింది. ఆ ప్రశ్న నన్ను నెలరోజులు నిద్రపోనివ్వలేదు. ముప్పై ఏళ్లు బస్సుల ఇంజన్లు విప్పినవాణ్ణి, కుట్టు ఎలా పడుతుందో చెప్పలేకపోవడం ఏమిటి?

ఇప్పుడు చెబుతాను. నిదానంగా చదవండి. బంటీ, నువ్వు రెండుసార్లు చదువు.

మీ స్కూల్లో తాడాట ఆడతారు కదా. ఒక మామిడికొమ్మ అనుకోండి. కొమ్మ కింద చిన్నీ నిలబడింది. చిన్నీ జడ రిబ్బను బాగా పొడుగు, దాని కొస కొమ్మకి కట్టేశాం. ఇప్పుడొక తాడు తెచ్చి దాని రెండు కొసలూ కూడా ఆ కొమ్మకే, చిన్నీ వీపు వైపున కట్టాం. తాడు మధ్యభాగం ఉయ్యాలలాగా వేలాడుతూ చిన్నీ మడమల దాకా వచ్చింది. బంటీ ఆ తాడుని పట్టుకుని ముందుకి లాగాడు. చిన్నీ ఒక్క ఎగురు ఎగిరింది. తాడు కాళ్ల కిందనించి ముందుకి వచ్చేసింది. కొమ్మ మీద కూర్చున్న అమ్మ వెంటనే తాడుని పైకి గుంజింది. తాడు చిన్నీ ముఖం ముందునించి పైదాకా వెళ్లింది, కానీ విడిపోలేదు. ఎందుకంటే దారిలో రిబ్బను అడ్డం ఉంది. తాడు రిబ్బనుని పట్టేసుకుంది.

అదే కుట్టు. తాడు పై దారం. రిబ్బను కింద దారం. చిన్నీ బాబిన్. చూశావా, దారం కొస ఎక్కడా దూరలేదు. మనిషి మొత్తాన్నే తాడు దాటింది!

ఈ పోలిక నాకు ఎంత నచ్చిందంటే మిషనులో ఉన్న ప్రతి ముక్కకీ ఇందులో ఒక వేషం ఇచ్చాను. పైన ఊగే చిన్న చేయి ఉంటుందే, దానికి దారం తొడుగుతాం, అది కొమ్మ మీద అమ్మ. కింద బట్టని జరిపే పళ్లు ఉంటాయి కదా, అవి కొమ్మని పట్టుకుని కొంచెం కొంచెం పక్కకి జరిపే మామయ్యలు. ఇక తాడు లాగే బంటీ ఎవరు? ఇక్కడ నా పోలిక కుంటుతుంది. ఈ మిషనులో తాడుని లాగేది బాబిన్‌ని మోసే షటిలే. దానికి చిలకముక్కులాంటి మొన ఉంటుంది. అంటే చిన్నీయే తన ముక్కుతో తాడు తగిలించుకుని, సగం చుట్టు తిరిగి, తానే దాటించుకుని, మళ్లీ వెనక్కి ఊగి యథాస్థానానికి రావాలి. అలాంటి పిల్ల మీ స్కూల్లో లేదు. ఉంటే ఆటలపోటీల్లో మొదటి బహుమతి ఆ పిల్లదే.

అసలు విశేషం ఎగరడంలో ఉంది. కాళ్లు నేలకి అంటుకుని ఉంటే తాడు దాటలేదు. అలాగే షటిలుని ఏ స్క్రూతోనో బిగించేస్తే దారం దాని చుట్టూ తిరగలేదు. అందుకే దాన్ని దేనికీ బిగించలేదు! ఒక గిన్నెలో పెట్టినట్టు గూట్లో వదులుగా కూర్చుంటుంది. దాన్ని ఊపే ఇనుప చేతికీ దానికీ మధ్య దారం జారేంత సందు మాత్రం ఉంటుంది. నేను మొదటిసారి మూత తీసినప్పుడు షటిలు టపుక్కున అరచేతిలో పడింది. విరగ్గొట్టానేమో అని భయపడ్డాను. విరగలేదు, అది అలా వదులుగా ఉండాల్సిందే.

ఇంకొక సంగతి. షటిలు మొన దారాన్ని ఎలా పట్టుకుంటుంది? సూది కిందదాకా దిగుతుంది. దిగి, బియ్యపుగింజ మందమంత పైకి లేస్తుంది. బట్ట దారాన్ని గట్టిగా పట్టుకుని ఉంటుంది కాబట్టి సూదితో పాటు దారం పైకి రాలేక పక్కకి ఉబ్బుతుంది. చిన్న ఉచ్చులాగా. సరిగ్గా ఆ క్షణానికి మొన వచ్చి అందులో దూరుతుంది. వెంట్రుకవాసి ముందొచ్చినా, వెనకొచ్చినా కుట్టు తప్పిపోతుంది. ఇది పని మిషను కాబట్టి మోటారు తగిలిస్తే నిమిషానికి రెండువేల కుట్లు వేస్తుంది. అంటే నువ్వు ఒకసారి కన్ను మూసి తెరిచేలోపు చాలాసార్లు తాడు దాటుతుందన్నమాట.

ఒక్క దారంతో కూడా కుట్టొచ్చు. బియ్యం బస్తా మూతి చూడు. సరైన కొస దొరికితే సర్రున మొత్తం ఊడొస్తుంది. దొరక్కపోతే అమ్మమ్మ కత్తిపీట తెస్తుంది. ఫ్రాన్సులో తిమోనియే అనే దర్జీ 1830లో పేటెంటు తీసుకున్న మిషను అలాంటి గొలుసు కుట్టే వేసేది. పారిస్‌లో సుమారు 80 మిషన్లు పెట్టి సైనికుల దుస్తులు కుట్టించాడు. 1831లో చేతిపని దర్జీలు వచ్చి, మా నోటి దగ్గర కూడు పోతుందని వాటిని పగలగొట్టేశారు. ఆయన పేదవాడుగానే పోయాడు. పగలగొట్టినవాళ్లని తిట్టబుద్ధి కాదు నాకు. వాళ్లకీ పిల్లలుంటారు కదా. రెండు దారాల కుట్టుకి 1846లో అమెరికాలో ఎలియాస్ హౌ పేటెంటు పొందాడు. ఆయన మిషను సూదికి బెజ్జం మొన దగ్గర ఉంది. అమ్మమ్మ చేతిసూదికి బెజ్జం ఎక్కడుందో, మిషను సూదికి ఎక్కడుందో పక్కపక్కన పెట్టి చూడండి.

మన మిషను సంగతి. విజయవాడలో పాత ఇనుము కొట్టు ముందు, విరిగిన సైకిళ్ల కింద కనబడింది. కిలోల లెక్కన తూచి ఇచ్చాడు. ఆటో అతనూ నేనూ కలిసి దించాం. అమ్మమ్మ "ఇంకో తుప్పు తెచ్చారా" అంది. సింగర్ 31కె అని మంచి పేరున్న రకం. ఇంట్లో జాకెట్లు కుట్టుకునేది కాదు, దర్జీలూ ఫ్యాక్టరీలూ రోజంతా తొక్కేది. కె అంటే కిల్బోవీ, అది తయారైన ఫ్యాక్టరీ పేరు. స్కాట్లాండులో క్లైడ్‌బ్యాంక్ అనే ఊళ్లో సింగర్ వాళ్ల పెద్ద ఫ్యాక్టరీ. దాని గోపురానికి నాలుగు వైపులా గడియారాలు, ఒక్కొక్క ముఖం 26 అడుగుల వెడల్పు, లండను బిగ్ బెన్ కన్నా పెద్దవి. గోపురాన్ని 1963లో కూల్చారు, ఫ్యాక్టరీ 1980లో మూతపడింది. కానీ అక్కడి రైల్వే స్టేషను పేరు ఇప్పటికీ సింగరే! బంటీ, మ్యాపులో వెతుకు. మన మిషను నంబరు వై అనే అక్షరంతో మొదలవుతుంది. అంటే 1921కీ 1935కీ మధ్య చేసింది. మా నాన్న కన్నా పెద్దది.

తెచ్చిన రోజు చక్రం కదల్లేదు. మీ మామయ్య ఫోనులో "పాడైపోయింది నాన్నా, వదిలెయ్యి" అన్నాడు. కదలనిదంతా పాడైపోయినట్టు కాదర్రా. ఎవరో మిషను నూనెకి బదులు వంటనూనె పోశారు. అది ఏళ్ల తరబడి ఎండి, బెల్లంపాకంలా గోధుమరంగు జిగురై, ప్రతి కీలునీ పట్టేసింది. చమురు పోసే ప్రతి చిల్లులోనూ రోజూ పొద్దున, సాయంత్రం కిరసనాయిలు చుక్కలు వేశాను. తొమ్మిదో రోజు చక్రం గోరంత కదిలింది. ఆ గోరంతకి నేను ఎంత సంబరపడ్డానో మీ అమ్మమ్మని అడగండి. మధ్యాహ్నం నిద్రలో ఉన్న మనిషిని లేపి చూపించాను.

వంటనూనె పోసినవాణ్ణి తిట్టే హక్కు నాకు లేదు. ఎందుకో చెబుతాను. నాకు తొమ్మిదేళ్లప్పుడు మా వీధి చివర దర్జీ ఉండేవాడు. మేమంతా సాయిబు మామ అనేవాళ్లం. సంక్రాంతి నెలలో ఊరి పిల్లల చొక్కాలన్నీ ఆయన అరుగు మీదే. నేను పడిన గుడ్డముక్కలు ఏరిపెట్టి, కాజాలు కుట్టిన చొక్కాలు మడతపెట్టేవాణ్ణి. కూలి రంగు ముక్కలు. మిషను మాత్రం ముట్టుకోనిచ్చేవాడు కాదు. భోగికి ముందు సాయంత్రం ఆయన నమాజుకి వెళ్లాడు. అంతకుముందే "మిషను బరువుగా తొక్కుతోంది, చమురైపోయింది" అని అనుకోవడం విన్నాను. సాయం చేద్దామని ఇంటికి పరుగెత్తి, అమ్మ తలకి రాసే కొబ్బరినూనె తెచ్చి, కనబడిన ప్రతి చిల్లులోనూ పోశాను. మామ వచ్చి తొక్కితే సాఫీగా నడిచింది. "అరె, అల్లా దయ!" అన్నాడు. నేను నోరు మెదపలేదు.

చలికాలంలో కొబ్బరినూనె సీసా తెల్లగా గడ్డకట్టడం మీరు చూసే ఉంటారు. తెల్లవారుజామున మంచు. మామ మిగిలిన చొక్కాలు కుడదామని కూర్చుంటే చక్రం బిగుసుకుపోయింది. సూదికమ్మీ దగ్గర తెల్లగా పేరుకున్న నూనె వేలితో తీసి వాసన చూశాడు. తరవాత నా తల వాసన చూశాడు. ఏమీ అనలేదు. పక్కన కుంపటి పెట్టి మిషను వెచ్చబెట్టి, ఆరాక కిరసనాయిలుతో కడిగి, తుడిచి, నా చేతే అసలు నూనె ఒక్కొక్క చుక్క వేయించాడు. "బోర్లించొద్దు. చుక్క" అన్నాడు. ఆ భోగికి మా వీధి పిల్లలందరి కొత్త చొక్కాలూ కిరసనాయిలు వాసన. మంట దగ్గరికి వెళ్తే పెద్దవాళ్లు కేకలేశారు.

ఇప్పుడు కూడా నూనెడబ్బా ఎత్తితే ఆ మాట వినబడుతుంది.

నేను చేసిన తెలివితక్కువ పనులు ఇంకా ఉన్నాయి. మిషను మీది బంగారు అక్షరాలు మెరవాలని ఇంజెక్షనుకి ముందు రాసే స్పిరిట్‌తో తుడిచాను. వాటి మీద ఉన్నది లక్క పూత, స్పిరిట్‌లో కరుగుతుంది. ఇంగ్లీషులో మొదటి అక్షరం నా గుడ్డకి అంటుకొచ్చేసింది. ఇప్పుడు మన మిషను పేరు ఇంగర్. అలాగే సూది. ఇంటి మిషను సూదికి పైన ఒకవైపు చదునుగా ఉంటుంది, తప్పుగా పెట్టబోతే అదే చెబుతుంది. ఈ పని మిషను సూది గుండ్రం, ఎటు తిప్పినా ఎక్కేస్తుంది. సూదికి ఒకవైపు పొడుగాటి గాడి ఉంటుంది, దారం ఆ వైపునించే ఎక్కాలి. నేను తిప్పి పెట్టి, కుట్టు పడకపోతే రెండ్రోజులు పాపం షటిలుని తిట్టాను.

మీకు చూపించాలని ఒకటి దాచాను. పళ్ల మీది రేకు విప్పితే కింద దూది గట్టిగా నొక్కుకుపోయి, మందపాటి కంబళి ముక్కలా ఉంది. బ్లేడుతో అంచు కోసి చూశాను. పొరలు పొరలుగా రంగులు! అడుగున తెలుపు, దానిపైన చాలా మందంగా ఖాకీ, ఆపైన స్కూలు నీలం, సన్నటి ఎర్రగీత ఒకటి, మళ్లీ తెలుపు. ఖాకీ ఎవరిదో, పోలీసులదో, పోస్టుమ్యానుదో. ఎర్రగీత ఒక్క రోజు పనిలా ఉంది. పెళ్లేమో. అగ్గిపెట్టెలో పెట్టి ఉంచాను, అమ్మమ్మ చెత్త అనుకుని పారెయ్యకుండా పైన మీ పేర్లు రాశాను.

చిన్నీ, ఇదంతా చదివి నమ్మొద్దు. మీ వీధిలో దర్జీ అంకుల్ ఉంటారుగా, పండగ రద్దీ లేని మధ్యాహ్నం వెళ్లి అడుగు. పైన ఎర్ర దారం, కింద తెల్ల దారం వెయ్యమను. పెడలు మీద కాలు పెట్టనివ్వకు, చక్రం చేత్తో తనవైపు మెల్లగా తిప్పమను. పక్కరేకు జరిపి బంటీ టార్చి పట్టాలి. సూది దిగి, కొంచెం లేచి, ఉచ్చు ఉబ్బినప్పుడు అక్కడ ఊపిరి బిగబట్టు. ఎర్ర దారం వెడల్పుగా సాగుతుంది, సాగుతుంది, ఇక తెగిపోతుందేమో అనిపిస్తుంది. అంతలో దాటేస్తుంది. సరిగ్గా ఎప్పుడు దాటిందో చూసి నాకు రాయి. నేను యాభైసార్లు తిప్పాను, ప్రతిసారీ "ఇప్పుడు" అనుకునేలోపే అది అవతల ఉంది.

సంక్రాంతికి వచ్చేటప్పుడు బంటీ స్కూలు బ్యాగు తీసుకురండి, పట్టీ ఊడిందన్నాడు. సూది నేను ఎక్కిస్తాను, చక్రం మీరు తిప్పాలి.

ఉంటాను,
తాతయ్య

మరిచిపోయాను. స్క్రూలు వరస తప్పకుండా అమ్మమ్మ ఇడ్లీ రేకుల్లో పెట్టుకున్నానని ఫోనులో చెప్పాను కదా, గుంటకి ఒకటి చొప్పున. నిన్న బిగింపు అయిపోయింది, రేకులు తోమి ఇచ్చేశాను. ఆఖరి గుంటలో ఒక స్క్రూ మిగిలింది. ఎక్కడిదో ఎంత వెతికినా తెలియడం లేదు. మిషను మాత్రం కుడుతోంది.