తలకి దెబ్బ తగిలాక జరగనివి గుర్తొస్తుంటే: అపోహలు - వాస్తవాలు

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు మన తెలుగిళ్ళలో బైక్ యాక్సిడెంట్ అయ్యి ప్రాణం దక్కాక అసలు కష్టం ఇంటికొచ్చాక మొదలవుతుంది. మనిషి బానే మాట్లాడతాడు, కానీ జరగనివి జరిగాయంటాడు. ఇలాంటివాళ్ళకి జ్ఞాపకశక్తి థెరపీ ఇవ్వడం నా పని, ఇంట్లోవాళ్ళ నోట రోజూ వినే మాటలే ఇక్కడ రాస్తున్నా.

అపోహ: కావాలనే అబద్ధాలాడుతున్నాడు.

కాదండీ. ఏదైనా గుర్తొచ్చినప్పుడు అది ఇప్పటిదా పాతదా, నిజంగా జరిగిందా ఊహించుకున్నదా అని తేల్చే పని ఎక్కువగా మెదడు ముందు భాగానిది, నుదురు వెనక కళ్ళ పైన ఉంటుంది, అక్కడ దెబ్బ తగిలితే ఆ తేడా తెలీదు. సూరత్ మిల్లులో చేసొచ్చినాయన వార్డులో లేచి షిఫ్టుకి టైమైపోయిందని సెలైన్ పీకేసుకుని బయల్దేరతాడు, సూరత్ నిజమే షిఫ్టూ నిజమే, కాకపోతే అది ఎప్పటిదో. బరంపురంలో అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర రెండేళ్ళకోసారి వస్తుంది కదా, మొన్ననే చూసొచ్చా అంటాడు, మొన్న ఆయన ఐసీయూలో ఉన్నాడు. చాలాసార్లు ఇలా పాత నిజమే తప్పు తేదీతో వస్తుంది. పదిమందిలో నిలదీస్తే సిగ్గు, కోపం తప్ప ఏమీ రాదు. చూడ్డానికొచ్చిన ప్రతి చుట్టం "నేనెవర్ని చెప్పు" అని పరీక్ష పెట్టడం ఉంది చూశారూ, దయచేసి అది ఆపండి. అలాగని "అవునవును" అనొద్దు కూడా. "నీకలా గుర్తొస్తోందా, సరే నాన్నా, ఇవాళ మంగళవారం, మనం ఆస్పత్రిలో ఉన్నాం" అని మెల్లగా చెప్పి మాట మార్చండి చాలు.

అపోహ: గట్టిగా అడిగితే యాక్సిడెంట్ గుర్తొస్తుంది.

స్పృహ తప్పేంత దెబ్బ తగిలితే ఆ క్షణం మామూలుగా మెదడులో నమోదే కాదు, లేనిది ఎక్కణ్ణుంచి వస్తుంది? అడిగేకొద్దీ మన ప్రశ్నల్లోంచే ముక్కలు ఏరుకుని ఓ కథ తయారవుతుంది, తర్వాత అదే తన జ్ఞాపకం అనుకుంటాడు. దెబ్బ తగలనివాళ్ళకే ఇలా అవుతుంది. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అనే సైకాలజిస్టులు స్టూడెంట్స్‌కి కార్ల యాక్సిడెంట్ ఫిల్మ్ చూపించి, స్పీడు ఎంత అని కొందరిని "తగిలినప్పుడు" అని, కొందరిని "బద్దలయ్యేలా గుద్దుకున్నప్పుడు" అని అడిగారు, వారం తర్వాత పగిలిన గాజు చూశారా అంటే మొదటి 50 మందిలో 7గురు, రెండో 50 మందిలో 16 మంది చూశామన్నారు, ఫిల్మ్‌లో పగిలిన గాజే లేదు. అందుకే "లారీ రాంగ్ రూట్‌లో వచ్చింది కదా" అని నోట్లో మాట పెట్టొద్దు, పోలీసు స్టేట్‌మెంట్ ఉంటే మరీను. తలకి దెబ్బ తగిలిందని ఆస్పత్రి కాగితం చూపించి పోలీసులకి ముందే చెప్పండి.

అపోహ: అంత వివరంగా చెప్తున్నాడంటే నిజమే.

షర్టు రంగుతో సహా చెప్పినా జరగకపోయుండొచ్చు. డబ్బు, గొడవల విషయమైతే ఇంకొకరిని కనుక్కోండి.

అపోహ: స్కాన్ నార్మల్ కాబట్టి నాటకమే, లేకపోతే గాలి సోకింది.

నరాల తీగలు సన్నగా సాగి తెగితే సీటీలో కనపడకపోవచ్చు. గాలీ ధూళీ ఏం లేదు. ఒక్క మాట, ముందునుంచీ బాగా తాగే అలవాటుంటే దాచకుండా డాక్టర్‌కి చెప్పండి, బీ1 విటమిన్ తగ్గినా ఇలాగే లేనివి చెప్తారు, దాని ఇంజెక్షన్ ఆలస్యం కాకూడదు.

చాలామందికి వారాల్లో, నెలల్లో తగ్గుతుంది, కొందరికి కొంత మిగిలిపోతుంది. ఒక నోట్‌బుక్ పెట్టండి, రోజూ జరిగింది తేదీ వేసి రాయించండి, ఫోన్ ఫోటోలు తేదీతో చూపించండి. బళ్ళో ఒడియా చదివి ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళైతే ఏది సులువుగా చదవగలరో అందులోనే రాయండి. చూసుకునేవాళ్ళు అలిసిపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు.

తగ్గుతున్న మనిషికి హఠాత్తుగా అయోమయం పెరిగినా, తలనొప్పి, వాంతులు, మగత, ఒకవైపు చెయ్యి కాలు పట్టు తగ్గడం కనిపించినా మర్నాటిదాకా ఆగొద్దు. పెద్దవాళ్ళకి వారాల తర్వాత కూడా తలలో రక్తం చేరొచ్చు, వెంటనే మళ్ళీ స్కాన్ చేయించండి.